జామచెట్టుకి కట్టిన రిబ్బను

శ్రీదుర్గ కొరికిన జామకాయ తొడిమ దగ్గర తెల్లటి మందు మరక చూడగానే నర్సరీ పనివాడు అబ్బులు పరుగెత్తుకొచ్చాడు.

“ఉమ్మెయ్యండమ్మా, మింగకండి!”

అప్పటికే ఒక కాయ అయిపోయింది. రెండోది సగంలో ఉంది. పావుగంట తిరక్కుండా ఆ పిల్ల కడుపు పట్టుకుని గట్టు మీద కూలబడింది. ఫోటోలు తీసుకోవడానికి రాజమండ్రి నుంచి ఆ పిల్లతో కలిసి వచ్చిన ఫోటోగ్రఫీ క్లబ్బు వాళ్ళు, వచ్చిన వ్యానులోనే ఆమెని ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇద్దరు మాత్రం ఆగారు.

కడియంలో ఆ నర్సరీకి ఒకటే కట్టుబాటు. పొద్దున్న పురుగుమందు కొట్టిన చెట్టుకి ఎర్ర రిబ్బను, కాయ కోసి రుచి చూడదగ్గ చెట్టుకి ఆకుపచ్చ రిబ్బను. పదకొండేళ్ళుగా కట్టేది అబ్బులే. ఆ ఉదయం గేటు దగ్గర అందరికీ రెండుసార్లు చెప్పాడు కూడా.

“కాయలు కోసిచ్చిందెవరు?” అడిగాడు యజమాని విశ్వనాథ్.

“నేనేనండి,” అన్నాడు పల్లంరాజు. క్లబ్బు పెట్టిన పెద్దమనిషి, సామర్లకోటలో ప్యాసింజరు రైలు డ్రైవరు. “ఆకుపచ్చ రిబ్బను చూసే కోశాను.”

“లేదండి రాజుగారు,” అన్నాడు అబ్బులు. “ ఆ వరసంతా నా చేత్తో ఎర్రదే కట్టేనండి.”

నలుగురూ పరుగున వెళ్ళారు. జామచెట్టుకి ఎర్ర రిబ్బనే రెపరెపలాడుతోంది.

“చూశారాండి.”

“ఏంటి చూసేది?” క్లబ్బు కార్యదర్శి మణిశంకర్ విరుచుకుపడ్డాడు. “మేం పిల్లని వ్యానెక్కించే గొడవలో ఉంటే నువ్వొచ్చి మార్చేసి ఉండొచ్చు. వెయ్యిమంది ప్రాణాలు చేతిలో పెట్టుకుని తిరిగే మనిషాయన. నీ మాట నమ్మమంటావా, ఆయన మాటా?”

అబ్బులుకి ఒకటి గుర్తొచ్చింది. ఉదయమంతా రాజుగారి సంచి మోసింది తనే. కెమెరా ముందు బిగించే రంగు అద్దాలు అడిగినప్పుడల్లా అందించాడు. వాటి డబ్బీల మీద ఆయన బ్లేడుతో గీతలు గీసుకున్నారు. “రెండు గీతలది ఇయ్యవోయ్,” అనేవారు. ఈ చెట్టు దగ్గర మాత్రం ఏ అద్దమూ పెట్టకుండానే తీశారు.

“రాజుగారు ఈ చెట్టుకి ఫోటో తీశారండి, కాయలు కొయ్యకముందే. రిబ్బను పడే ఉంటుంది. ఫిలిం రోలు కడిగించండి, నిజం తెలిసిపోద్ది.”

మణిశంకర్ నవ్వలేక నవ్వాడు. “మాది బ్లాక్ అండ్ వైట్ క్లబ్బు. కలర్ రోలు ముట్టకూడదని రాజుగారే పెట్టిన రూలు. ఫోటోలో ఎరుపైనా ఆకుపచ్చైనా బూడిద రంగేనయ్యా.”

పల్లంరాజు కెమెరా పట్టీ వేలికి చుట్టుకుంటూ నేల చూస్తున్నాడు.

ఆఫీసు గదిలో ఫోను మోగింది. విశ్వనాథ్ వెళ్ళి మాట్లాడి వచ్చాడు. “కడుపు కడిగారంట. గండం గడిచింది.”

అబ్బులు ఆకాశంకేసి చేతులు జోడించాడు.

“దండాలు తర్వాత పెడుదువుగాని. ఆ అమ్మాయి తండ్రి పోలీసుల్ని వెంటబెట్టుకుని వస్తున్నాడు. నీ పేరే చెప్తాను. నువ్వూ నీ పెళ్ళాం జ్ఞానమ్మా మీరుంటున్న షెడ్డు ఖాళీ చేసెయ్యండి.”

“జైల్లో పెట్టించినా సరేనండి. నేను కట్టింది ఎర్రదేనండి.”

పల్లంరాజు గడియారం చూసుకున్నాడు. సాయంత్రం ఏడింటికి డ్యూటీ. సంచి భుజానికి తగిలించుకుని గేటు దాకా నడిచాడు. అక్కడ ఆగాడు. రోడ్డు వైపు ఒకసారి చూసి, వెనక్కి తిరిగి వచ్చాడు.

“విశ్వనాథ్ గారూ, మీ ఫోను ఒకసారి వాడుకోవచ్చాండి? ఏడింటి బండికి ఇంకో డ్రైవర్ని చూసుకోమని చెప్పాలి.”

“ఏం, ఒంట్లో బాలేదా?”

“బానే ఉందండి. అబ్బులు చెప్పిందే నిజమై ఉంటుంది. వాణ్ణి వదిలెయ్యండి.”

“మరి ఆకుపచ్చది చూసే కోశానన్నారు?”

పల్లంరాజు మెడలోంచి కెమెరా తీసి అబ్బులు చేతిలో పెట్టాడు.

“నాకు పుట్టుకతోనే ఆ రెండు రంగులూ ఒకటేనండి.”