ఎదురు వాదించే మనిషి

"మీవాడిది గొప్ప సీజనా? ఉత్త గాలివాటం," అన్నాడు కొత్తగా వచ్చిన ముసలాయన.

పార్కు మూలలో ఉన్నవాళ్ళంతా అటు తిరిగారు.

ఎవెలియోతో అలా మాట్లాడే ధైర్యం హవానాలో ఎవరికీ లేదు మరి.

ఆ మూలకి పొద్దున్నే మగవాళ్ళు చేరతారు. ముక్కులు తగిలేంత దగ్గరగా నిలబడి బేస్‌బాల్ గురించి అరుచుకుంటారు. దారిన పోయే కొత్తవాళ్ళు కొట్టుకుంటున్నారనుకుని పక్కకి తప్పుకుంటారు. అక్కడ ఆట గురించి తప్ప ఇంకేదీ అడగకూడదు. నీ ఇల్లెక్కడ, నీ పిల్లలెవరు అనడం మర్యాద కాదు. ఎవరైనా ఎదురు చెబితేనే మాట నిలుస్తుంది. చెప్పకపోతే జనం ఇంకో మాటకి పోతారు.

అడక్కుండానే అందరికీ తెలిసినవాడు ఎవెలియో ఒక్కడే. ఓస్మెల్ తండ్రి.

బ్యాటు పట్టిన మొదటి సీజన్లోనే దేశమంతా చెప్పుకున్న కుర్రాడు ఓస్మెల్. రెండో సీజను మొదలవకముందే మోటారుసైకిలు మీద వెళ్తూ లారీ కింద పడి చనిపోయాడు.

అప్పట్నుంచి ఎవెలియోకి ఎదురు చెప్పేవాళ్ళు లేరు.

"కొత్త ఆటగాళ్ళలో మీవాణ్ణి మించినవాడు పుట్టలేదు బాబాయ్," అనేవాడు మెకానిక్ డామసో. భుజం తట్టి పక్క గుంపులోకి జారుకునేవాడు.

కొడుకు పేరు ఒక్కసారి వినపడి ఆరిపోయేది.

ఇన్నాళ్ళకి ఒకడు కాదన్నాడు.

"గాలివాటమా? ఎవరున్నారు మావాడికంటే?" ఎవెలియో మీదకి వెళ్ళాడు.

"అదే ఏడు వచ్చిన రేనియర్ లేడూ?"

"రేనియరా? బంతి విసిరే పిచ్చరు చెమట తుడుచుకుంటుంటే కొట్టేవాడు, వాడా?"

"మీవాడు బంతి కొట్టి పరిగెత్తి బేసు చేరేలోపు అక్కడున్నవాడు చుట్ట కాల్చి పారేసేవాడటగా."

"ఎవరు కూశారు? బూటు అడుగు ఊడిపోతే పురికొస కట్టుకుని పరిగెత్తాడు మావాడు. ఆ పరుగుతోనే గెలిచారు."

"పురికొస చూసి బహుమతి ఇస్తారా ఏంటి?"

గుంపు గొల్లుమంది. ఎవెలియో గొంతు పోయేదాకా అరిచాడు. ఆ సాయంత్రం చాలా కాలానికి అన్నమూ నల్ల చిక్కుళ్ళూ కడుపునిండా తిన్నాడు. ఎందుకు ఆకలేసిందో అతనికి తట్టలేదు.

రేవు అవతల రెగ్లా నుంచి పడవలో వస్తాడు కనక ఆ ముసలాయన్ని రెగ్లా ఆయన అనేవారు. వాన పడినా వచ్చేవాడు. వచ్చీరాగానే గిల్లేవాడు.

"ఏమయ్యా, పురికొస బాగుందా?"

"నీ రేనియర్‌కి బ్యాటు ఏ చివర పట్టుకోవాలో తెలిసిందా?"

అలా ఏడాది గడిచింది. వీడికి నేనంటే గిట్టదు అనుకునేవాడు ఎవెలియో. పొద్దున్నే గడ్డం గీసుకుని, వాడి నోరు ఎలా మూయించాలా అని దారంతా ఆలోచిస్తూ వచ్చేవాడు.

ఓస్మెల్ పోయిన రోజు మళ్ళీ వచ్చింది. ఎవెలియో సమాధి దగ్గర్నుంచి నేరుగా పార్కుకి వచ్చాడు.

"ఆలస్యమైందే," అన్నాడు రెగ్లా ఆయన. "పరుగులో తండ్రీకొడుకులిద్దరూ ఒకటేనా?"

ఎవెలియోలో ఏదో తెగింది.

"మావాడు ఈ నేల మీద ఆడాడు, ఈ నేలలోనే పడుకున్నాడు. నీ రేనియర్ ఏం చేశాడు? జట్టుని నట్టేట ముంచి దొంగచాటుగా తెప్పెక్కి దేశం వదిలి అమెరికాకి పారిపోయాడు. రేడియో కూడా వాడి పేరెత్తదు. సొరచేపలు తినుంటాయి. వాడికోసం ఏడ్చే దిక్కయినా ఉందా?"

ఎవరో నవ్వారు.

రెగ్లా ఆయన ఎవెలియో బూట్లకేసి చూశాడు.

"నువ్వే గెలిచావు," అని రేవు వైపు నడిచాడు.

"భలే మూయించావు బాబాయ్," డామసో వీపు చరిచాడు.

మర్నాడు రెగ్లా ఆయన రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

"తొలి సీజనంటే మా ఓస్మెల్‌దే. కాదనేవాడెవడు?" ఎవెలియో గట్టిగా అడిగాడు.

"ఎవరూ లేరు బాబాయ్," అని జనం కొత్త పిచ్చరు సంగతి ఎత్తుకున్నారు.

ఇంకోరోజు తనే మొదలుపెట్టాడు. "ఆ మాటకొస్తే రేనియర్ కూడా తక్కువవాడేం కాదు."

డామసో అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "దేశం వదిలి వెళ్ళిపోయినవాళ్ళని మెచ్చుకుంటే తంటా. వాళ్ళ ఊసు మనకెందుకు బాబాయ్?"

ఆ రోజు ఎవెలియో చిక్కుళ్ళ గిన్నె మూత తియ్యలేదు.

నెల తిరక్కుండా పడవెక్కాడు. రెగ్లా రేవులో జామపండు మిఠాయి అమ్మే ఆమెని, రోజూ పొద్దున్నే పడవెక్కే ముసలాయన ఇల్లెక్కడని అడిగితే సందు చూపించింది.

తలుపు తీసినావిడ నల్లబట్టల్లో ఉంది.

"ఆయన లేరండి. పోయి ఇది మూడో వారం. గుండె ఆగింది."

ఎవెలియో ద్వారబంధం పట్టుకున్నాడు. "నేను పార్కులో..."

"ఎవెలియో గారా? రండి లోపలికి." కుర్చీ మీది బట్టలు తీసి, చిన్న కప్పులో కాఫీ తెచ్చిచ్చింది. "ఇంటికొచ్చాక మీ కబుర్లే. అసలు మీవాడి సీజనే గొప్పదని నాతో ఒప్పుకునేవారు."

"మరి అక్కడ ఎందుకు కాదనేవాడు?"

"ఒప్పేసుకుంటే మీరు వాదన మానేస్తారని భయం." ఆవిడ ఒళ్ళో చేతులు చూసుకుంది. "ఆఖరిసారి వచ్చినరోజు మాత్రం ఏమీ చెప్పలేదు. గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఏమైందండీ ఆ రోజు?"

ఎవెలియో తాగకుండానే కప్పు కింద పెట్టాడు.

"నేను మానేస్తే ఆయనకేం పోయిందమ్మా?"

"ఈ దీవిలో రేనియర్ పేరు పైకి పలికేది మీరొక్కరేనండి. తిట్టడానికైనా సరే, మా అబ్బాయి పేరు చెవిన పడుతుందని ఆయన రోజూ పడవెక్కేవారు."