కిందికే తీసుకెళ్ళండి

దలెండాను నేలమాళిగలోకి దింపలేదు. మెట్లెక్కించి మూడో అంతస్తుకు తీసుకెళ్ళారు.

దెబ్బలకు ఆమె సిద్ధపడే వచ్చింది. సూస్ పట్నంలో ఆ భవనం లోపలికి వెళ్ళి వచ్చినవాళ్ళు చెప్పేదంతా నేలమాళిగ గురించే. చీకటి, తడి సిమెంటు, పక్కగదిలో అరుపులు. పొద్దున జీపు గుమ్మం ముందు ఆగినప్పుడు తల్లి ఆమె చెవిలో ఒకటే మాట చెప్పింది. నువ్వు నోరు తెరిస్తే నీ తమ్ముడు నాకు దక్కడు.

తమ్ముడు హైకల్ బడిపంతులు. ఫాస్ఫేటు గనుల్లో ఊపిరితిత్తులు పాడై చచ్చిపోయినవాళ్ళ పేర్లు కరపత్రంగా అచ్చేసి ఊరూరా పంచాడు. పన్నెండు రోజులుగా కనిపించడం లేదు. ఎక్కడున్నాడో తెలిసింది ఇద్దరికే. దాచిన మేనత్తకు, దలెండాకు.

పళ్ళు బిగించుకుంటే చాలు, ఎన్ని దెబ్బలైనా తినొచ్చు అనుకుంది.

జవాను మూడో అంతస్తులో ఒక తలుపు తీశాడు. గడపలోనే ఆమె కాళ్ళు ఆగిపోయాయి.

గుండ్రటి మూలలు. మట్టిరంగు సున్నం గోడలు. తక్కువ ఎత్తు కప్పు. ఒక గోడకు చిన్న తొట్టి, అందులోకి సన్నగా జారే నీళ్ళు. ఎక్కడినుంచో నారింజపూల వాసన. మధ్యలో బల్ల లేదు. ఎదురెదురుగా కాక కాస్త ఏటవాలుగా వేసిన రెండు కుర్చీలు, అంతే.

లోపల నిలబడ్డ అధికారి పేరు లుత్ఫీ. యాభై దాటినవాడు. యూనిఫాం కూడా వేసుకోలేదు.

"రా చెల్లెమ్మా, కూర్చో."

"ఇక్కడ వద్దు సార్. నన్ను కిందికే తీసుకెళ్ళండి."

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "కిందున్నవాళ్ళంతా పైకి తీసుకెళ్ళమని కాళ్ళు పట్టుకుంటారు. కిందికి పోతానన్నదానివి నువ్వొక్కతివే. అక్కడేముందో తెలుసా?"

"తెలుసు."

ఆయన నవ్వి, తొందరేం లేదని చెప్పి, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు. గొళ్ళెం కూడా పెట్టలేదు.

దలెండా కూర్చోలేదు. ఆ కుర్చీలో కూర్చుంటే వీపు దానంతటదే వెనక్కి వాలుతుంది. వీపు వాలితే దవడ వదులవుతుంది. కిటికీ వైపూ చూడలేదు. కూర్చున్నవాళ్ళకు వెలుతురూ, కుండీలో నిమ్మకొమ్మా తప్ప కాపలా గోడ కనబడని ఎత్తులో ఉంది అది.

ముక్కుతో కాక నోటితో ఊపిరి తీసుకుంది. నీళ్ళ చప్పుడు చెవిన పడకుండా ఎక్కాలు పైకి చదవడం మొదలుపెట్టింది. పదమూడో ఎక్కం దగ్గరికొచ్చేసరికి ఆ లెక్కలు కూడా నీళ్ళ లయలో పడిపోయాయి. ఠక్కున ఆపేసింది.

గంట గడిచింది. రెండు రాత్రులుగా కంటి మీద కునుకు లేదు. కాళ్ళు పీకుతున్నాయి. నేల మీద కూర్చుంటే ఫరవాలేదనుకుంది. ఉన్ని తివాచీ మెత్తగా, గోరువెచ్చగా తగిలింది. మణికట్టు గట్టిగా గిచ్చుకుంది. చర్మం కమిలిందే గాని, గుండె దడ తగ్గుతూనే ఉంది.

ఆ తగ్గడమే ఆమెను భయపెట్టింది. దెబ్బ పడితే పగ పుడుతుంది. పగ నోరు మూయిస్తుంది. ఇక్కడ ఎవరి మీద పగ పట్టాలి?

మధ్యాహ్నానికి ఆమె కుర్చీలో ఉంది. ఎప్పుడు లేచి కూర్చుందో ఆమెకే తెలియదు.

లుత్ఫీ రెండు కప్పుల కాఫీతో వచ్చాడు. కాఫీలో నారింజపూల నీళ్ళు ఒక్క చుక్క, ఇంట్లో తల్లి కలిపినట్టే. హైకల్ పేరు ఎత్తలేదు. తన పిల్లల గురించి చెప్పాడు. చిన్నవాడికి గాలిదుమారమంటే హడలట, మంచం కింద దూరి పిలిచినా రాడట. ఆ తర్వాత తీరిగ్గా కాఫీ తాగుతూ కూర్చున్నాడు. నీళ్ళు మాత్రం జారుతున్నాయి.

"మావాడికి ఉరుములంటే భయం," అంది దలెండా. ఆ గొంతు ఎవరిదోలా వినిపించింది. "ఉరిమితే చాలు, మా మేనత్త గానుగలోకి పరిగెత్తి నూనెజాడీల వెనక దాక్కునేవాడు. ఎంత బతిమాలినా బయటికొచ్చేవాడు కాదు."

"ఇప్పటికీ అంతేనా?" నవ్వుతూ అడిగాడు.

"ఇప్పటికీ అంతే."

మాట పెదవి దాటాక గాని తానేం బయటపెట్టిందో ఆమెకు తెలియలేదు. లుత్ఫీ కప్పు నెమ్మదిగా కింద పెట్టాడు. అన్నలా ఆమె భుజం తట్టి, కాఫీ చల్లారిపోతోంది తాగమని చెప్పి బయటికి నడిచాడు.

దలెండా లేచి రెండు అరచేతులతో గోడను బాదింది. చప్పుడు రాలేదు. ఆ సున్నం కింద మందంగా పీచు ఉంది. కింద జీపులు కదిలిన సంగతి కిటికీ అద్దం సన్నగా వణికితేనే తెలిసింది.

జవాను తొంగిచూశాడు. ఒక్క దెబ్బ కూడా పడలేదు కదా, ఎందుకమ్మా అలా ఏడుస్తావని అడిగాడు.

రెండేళ్ళ కిందట ఒక కాంట్రాక్టరు వచ్చి, ఆసుపత్రిలో జబ్బుపిల్లల తల్లులు లోపల దిగమింగుకున్నదంతా చెప్పుకుని తేలికపడే గది కావాలంటే, నీళ్ళ తొట్టి దగ్గర్నుంచి కుర్చీ వాలు దాకా ఈ గది ప్లాను గీసిచ్చింది దలెండాయే.