కుదుపు లేని జీపు

“ఇది చాలదు సిలారూ, వెనక ఇంకా మెత్తగా ఊగాలి,” అన్నాడు ఇమ్మానియేలు మాస్టారు, జీపు మీద చేతులు వేసి నొక్కి చూస్తూ.

ఆ వయసువాళ్లంతా మోకీళ్లు మార్పించుకుంటుంటే, రిటైరైన మాస్టారు తన ముసలి జీపుకి మార్పిస్తున్నాడు. కుదుపు తగ్గేలా చక్రాల మీద కొత్త కమాను కట్టలు వేయించాడు. జీపు జానెడు లేచింది. లేచాక చక్రాల్ని తిప్పే కింది షాఫ్టు అందలేదు, దాన్నీ మార్పించాడు. ఇప్పుడు నాలుగు చక్రాలూ లాగాలట, కుదుపు మాత్రం తెలియకూడదట.

చిలకలూరిపేటలో మెకానిక్ సిలార్‌కి ఇంత మంచి కాలక్షేపం ఈమధ్య దొరకలేదు.

“ఇటు పత్తి చేలు, అటు మిరప చేలు. మీరు ఎక్కబోయే కొండ ఏదండీ?”

“కొండ కాదయ్యా, మా ఊరి డొంక దారి. వానొస్తే నల్లరేగడి చక్రాన్ని మింగేస్తుంది.”

“అయితే ఆరాకే పోవచ్చుగా?”

“అది వాన తగ్గేదాకా ఆగే పని కాదు.”

“ఓహో! అమ్మగారితో వానలో షికారా?”

“నిరుడు హెలెన్‌ని ఆ దారినే తీసుకెళ్లాం, ట్రాక్టరు మీద. దిగబడి ఒరిగింది. బురదలో పడిపోయింది.”

“అమ్మగారు మిమ్మల్ని బాగా తిట్టి ఉంటారే!”

“ఒక్క మాట అనలేదు.”

“అదృష్టవంతులు మాస్టారూ! మా ఖాజాబీ అయితే నన్ను ఆ బురదలోనే పాతేసేది.”

మాస్టారు నవ్వలేదు. పంతుళ్లకి జోకులు ఆలస్యంగా అర్థమవుతాయిలే అనుకున్నాడు సిలార్.

“వెనక సీట్లు పీకెయ్. ఆరున్నర అడుగులు చదునుగా ఉండాలి,” అన్నాడు మాస్టారు.

“పక్కేసుకుంటారా? యూట్యూబులో కుర్రాళ్లు అలాగే హిమాలయాలకి పోతున్నారు లెండి.”

“నాకు తొందరేం లేదు. ముందు ఊరికి. ఎవరికి కావాలన్నా ఇస్తా, మనిషికి ఒకసారి.”

“ఒక్కసారేనా? మరీ పిసినారండీ మీరు!”

“ఒక్కసారే అవసరం పడుతుందిలే.”

చివరగా వెనక ఇరుసుకి లాకరు బిగించాడు సిలార్. ఒక చక్రం బురదలో ఊరికే తిరిగినా రెండోది పట్టు వదలదు. మాస్టారు దాని పనితనం మూడుసార్లు చెప్పించుకుని విన్నాడు, తనే పరీక్ష రాయబోతున్నట్టు.

ముసురు పట్టాక మాస్టారి నుంచి ఫోను వచ్చింది. బుద్ధున్నవాళ్లంతా ఇళ్లల్లో బజ్జీలు తింటుంటే, ఈ ఇద్దరూ పరీక్షకని జీపులో రెండు మిర్చి బస్తాలు, అదే టిక్కీలు, పడుకోబెట్టుకుని డొంకలోకి దిగారు. జీపు ఒరిగినప్పుడల్లా మాస్టారు వెనక్కి తిరిగి చూశాడు.

“టిక్కీలకి నొప్పి పుడుతుందా మాస్టారూ?”

మాస్టారు గేరు తగ్గించాడు. చక్రాలు జారాయి, ఇంజను మూలిగింది, జీపు మాత్రం ఆగకుండా డొంక చివర తుప్పుపట్టిన ఇనప గేటు దాకా వచ్చేసింది.

“టిక్కీ కదిలితే ఒట్టు!” ఛాతీ విరుచుకున్నాడు సిలార్. “ఈ వైభవం చూడ్డానికి అమ్మగారిని కూడా తీసుకురావాల్సింది. ఇంతకీ ఆవిడ పడింది ఎక్కడండీ?”

మాస్టారు చెప్పులు విడిచి బురదలోకి దిగాడు. గేటు ముందున్న గుంట దగ్గర నిలబడ్డాడు. ఏడుపు ఆపుకుంటున్నాడని అప్పటికి గాని సిలార్‌కి తెలియలేదు.

“హెలెన్ శవపెట్టె జారిపడింది ఇక్కడేనయ్యా.”