గూటి ముందు ఉచ్చు

“పీచూ, తొందరగా రా! గోరింకత్త ఉచ్చులో పడింది,” అని పసిడి కేకేసింది.

గిజిగాడు పీచు రివ్వున ఎగిరొచ్చాడు. పాములొస్తాయని గూటి ముందు ఆ నార ఉచ్చు కట్టింది వాడే. తాకితే చాలు, దానంతటదే బిగుసుకుంటుంది. కాపలా అక్కర్లేని గూడు తనదొక్కటేనని వాడు గొప్పగా చెబితేనే, గూళ్లన్నీ చూస్తూ తిరుగుతున్న పసిడి కాపురానికి ఒప్పుకుంది.

ఇద్దరూ ముక్కులతో పోగు పోగూ విప్పారు. గోరింకత్త మెల్లగా ఊపిరి తీసుకుంది.

“కొత్త పెళ్లికూతుర్ని చూద్దామని వస్తే బాగానే మర్యాద చేశావురా. నేను నీకు పాములా కనిపించానా?”

“అది చూడదత్తా. ఉచ్చు చేసిన పనికి నేనేం చేయను,” అని పీచు గొణిగాడు.

పసిడి మిగిలిన నారని కిందికి తోసేసింది. “ఇకనుంచి మనిద్దరం వంతులేసుకుని కాపలా కాద్దాం. మనకి కళ్లున్నాయి కదా. ఇంతకుముందు ఇంకెవరైనా ఇందులో పడ్డారా?”

లేదంటే సరిపోయేది. కానీ తేనెరంగు ఎండలో మెరుస్తున్న ఆమె కళ్లలోకి చూస్తూ అబద్ధమాడటం వాడి వల్ల కాలేదు.

“పడ్డారు. పిచ్చుకపిల్ల రెక్క గాలికి విరిగిందని చెప్పాను కదా, విరిచింది ఈ ఉచ్చే. అది తెలిసి కూడా, నువ్వు నా గూటికి రావేమోనని దాన్ని విప్పలేదు. తప్పు ఉచ్చుది కాదు పసిడీ, నాది.”