పసుపు పూసిన మూత

పెదనందిపాడు దాటగానే లారీ మళ్ళీ ఆగిపోయింది.

యలమంద స్టీరింగు మీద గట్టిగా గుద్దాడు. పొద్దున బయల్దేరినప్పటి నుంచీ ఇదే వరస. కాస్త దూరం పోవడం, దగ్గడం, ఆగడం.

వెనక నిండా మిరపకాయల బస్తాలు. పక్క సీట్లో వాటి ఆసామి వెంకటరావమ్మ. పొలం కౌలుది, కష్టం మాత్రం ఆమెది.

పడమట మబ్బు కమ్ముకొస్తోంది. బస్తాల మీద కప్పిన పట్టాకు చిల్లులున్నాయి. కాయ తడిస్తే రంగు పోతుంది, బూజు పడుతుంది, గుంటూరు యార్డులో ఎవడూ ముట్టుకోడు. ఆమె ఏడాది బతుకంతా ఆ బస్తాల్లోనే ఉంది.

"వానకి ముందు చేరతామంటావా?" అంది.

"చేరతాం పిన్నీ," అన్నాడు గానీ, ఆ మాట మీద అతనికే నమ్మకం లేదు.

లారీ పాతదే, అతనికే కొత్త. మొన్ననే పిడుగురాళ్లలో ఒక బ్రోకరు దగ్గర కొన్నాడు. అమ్మినాయన ఎవరో ముసలివాడట. బండి తోలుకుపోతుంటే చూడలేక ఇంట్లోంచి బయటికే రాలేదట. ఇనుము కోసం కూడా ఏడుస్తారా అని యలమంద అప్పుడు నవ్వుకున్నాడు.

తొలి లోడు కదా అని ఈ పొద్దున అతని భార్య లక్ష్మీదుర్గ బండికి పూజ చేసింది. చక్రాలకు పసుపు రాసింది, అద్దానికి బొట్లు పెట్టింది. బండికి నోరు ఇదే కదా అని డీజిల్ ట్యాంకు మూతకి మరింత ముద్దగా పట్టించింది. ఇంత పూజ చేయించుకుని ఈ మొరాయింపేమిటని యలమంద పళ్ళు నూరాడు.

దిగి బానెట్ ఎత్తాడు. ఫిల్టరు విప్పితే శుభ్రంగానే ఉంది. పైపులో గాలి చేరిందేమోనని చేతిపంపు ఇంజను పక్కన కొట్టి కొట్టి, ఉన్న గాలంతా వెళ్ళగొట్టాడు. ఇంజను అందుకున్నట్టే అందుకుని మళ్ళీ చచ్చింది.

అప్పుడే గుంటూరు వైపు నుంచి ఒక బస్సు వచ్చి, లారీని దాటి కాస్త ముందుకెళ్ళి ఆగింది. తెల్లచొక్కా వేసుకున్న ఒక ముసలాయన దిగాడు.

చుట్టూ పత్తి మోళ్ళే. ఊరు లేదు, గుడిసె లేదు. ఇక్కడెందుకు దిగినట్టు?

ఈ రోడ్డు మీద ఆగిన లారీల్లోంచి డీజిల్ లాగేస్తున్నారని డ్రైవర్లు చెప్పుకుంటున్నారు. యలమందకు ఆ మాటే గుర్తొచ్చింది.

ముసలాయన దగ్గరికొచ్చి బండి మడ్‌గార్డు మీద అరచెయ్యి ఆనించాడు.

"ఇట్లా ఆగే బండి కాదే ఇది," అన్నాడు.

"నీ దారి నువ్వు చూసుకో తాతా," అని యలమంద మళ్ళీ పంపు మీదికి వంగాడు.

తలెత్తేసరికి మనిషి లేడు. ట్యాంకు వైపు చప్పుడైంది. యలమంద చేతిలో పానాతోనే అటు పరుగెత్తాడు.

ముసలాయన ట్యాంకు మూత తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు.

యలమంద చొక్కా పట్టుకున్నాడు. "పేరేంట్రా నీది?"

"జక్రయ్య. ఇది చూడబ్బాయ్, గాలాడటం లేదు దీనికి..."

చెంప ఛెళ్ళుమంది.

ఉన్న గాలిని వెళ్ళగొట్టలేక తను చస్తుంటే, గాలాడాలంటాడు! దొంగతనం చాలక పాఠాలు కూడానా అని యలమందకు ఒళ్ళు మండింది. రెండోసారి చెయ్యెత్తాడు.

"పెద్దోడ్రా, వదిలెయ్," అని వెంకటరావమ్మ అడ్డమొచ్చింది.

యలమంద మూత లాక్కుని బిగించాడు. ముసలాయన చెంప తడుముకోలేదు. లారీని ఒకసారి ఆ చివర నుంచి ఈ చివరకి చూసి, బస్సు వచ్చిన దారినే నడక సాగించాడు.

ఈసారి లారీ ఒక్క తిప్పుకే అందుకుంది. శని వదిలిందన్నాడు యలమంద.

ముసలాయన్ని దాటుతుంటే అద్దంలో కనిపించాడు. రోడ్డు పక్కన ఆగి, తల ఒక పక్కకి వంచి, ఇంజను చప్పుడు వింటున్నాడు.

ప్రత్తిపాడు ఇంకా రాకముందే బండి మళ్ళీ ఆగింది. అద్దం మీద తొలి చినుకు పడింది.

ఆ ముసలాడు ట్యాంకులో ఏదో పోసి ఉంటాడని యలమంద తిట్టుకుంటూ దిగాడు. మూత తిప్పాడు. బుస్సుమంటూ గాలి ట్యాంకులోకి దూసుకుపోయింది.

అతని చెయ్యి అక్కడే ఆగిపోయింది.

లోపల డీజిల్ పోసింది పోసినట్టే ఉంది. మూత మధ్య ఉండాల్సిన సూదిమొనంత బెజ్జం మాత్రం లేదు. పసుపు ఎండి గట్టిపడి దాన్ని పూడ్చేసింది. డీజిల్ దిగుతున్న కొద్దీ పైనుంచి గాలి పోవాలి. అది లేక ట్యాంకు డీజిల్‌ని వదలడం లేదు. ఆగినప్పుడల్లా ఏ సందులోంచో కాస్త ఊపిరి పీల్చుకుని కదిలేది, ఇందాక ముసలాయన మూత తీయబట్టే ఒక్క తిప్పుకి అందుకుంది.

వెంకటరావమ్మ చీర పిన్నీసు తీసిచ్చింది. యలమంద బెజ్జం పొడిచాడు.

వాన చిక్కబడింది. పట్టా చిల్లుల కింద బస్తాలు తడుస్తున్నాయి. ఆయన మాట విని ఉంటే ఈపాటికి గుంటూరు దగ్గరపడేది. వెనక్కి చూస్తే రోడ్డంతా వానే. తల దాచుకోవడానికి ఒక్క చూరు లేని ఆ దారిలోనే ముసలాయన ఎక్కడో నడుస్తున్నాడు.

"దొంగైతే డీజిల్ తీయాలి గదరా," అంది వెంకటరావమ్మ. "ఊరు లేని చోట బస్సు దిగొచ్చి, ఆ మూతొక్కటే ఎందుకు తీశాడంటావ్?"

యలమంద బెజ్జం మళ్ళీ పూడకుండా తువ్వాలుతో మూతని రుద్దడం మొదలుపెట్టాడు. కొన్నప్పటి నుంచీ దాన్ని ఒక్కసారైనా పరకాయించి చూసింది లేదు.

వానకి నాని పసుపు ఊడొచ్చింది. దాని కింద, స్టీలు గిన్నెల మీద కొట్టించుకున్నట్టు, చుక్కలు చుక్కలుగా ఒక పేరు బయటపడింది: జక్రయ్య, ప్రత్తిపాడు.