ఎడమ పక్క బ్రేకు

"ఎడమ పక్క కూడా ఒక బ్రేకు పెట్టు" అంది వరమ్మ.

ఖదీర్ చేతిలో పానా అక్కడే ఆగింది. యాకుత్‌పురాలో ముప్పై ఏళ్లుగా కార్లు బాగుచేస్తున్నాడు గానీ, ఇంటి కారుకు ఇలాంటి కోరిక కోరిన మనిషిని చూడలేదు. పక్కనే నిలబడ్డ ఆమె కొడుకు విశ్వేశ్వర్‌కు తల కొట్టేసినట్టయింది.

"అమ్మా, ముందల పెద్ద డిస్కులన్నవ్, ఒప్పుకున్న. ఎనుక చక్రాలకు కొత్త బ్రేకు షూలన్నవ్, ఒప్పుకున్న. పెడల్ మెత్తగ దిగాలెనని బూస్టర్ గూడ పెట్టిస్తివి. ఇరవై ఏండ్ల బండికి గింత సోకేంది? ఇప్పుడు పక్కకు ఇంకో బ్రేకా?"

"ఇరవై ఏండ్లయితే ఏంది? ముసలిదైతే మంచి బ్రేకులు ఉండద్దా?"

"పక్క సీట్ల కూసున్నోళ్లకు బ్రేకెందుకని అడుగుతున్న."

"కంచన్‌బాగ్‌ల మా చెల్లెను చూడాలె, తీస్కపొమ్మంటే నెల సంది రేపు రేపంటున్నవ్. అందుకే."

"తీస్కపోతనంటి గదా! దానికి, బ్రేకుకు ఏం సంబంధం?"

"ఉన్నది" అంది వరమ్మ.

విశ్వేశ్వర్‌కు ఒళ్లు మండింది. బేగంబజార్‌లో గిన్నెల దుకాణం అతనిది. ఆటోలు, తోపుడు బండ్లు, ఎదురొచ్చే స్కూటర్ల మధ్య ఇన్నేళ్లూ ఈ కారునే నడిపాడు. బంపర్‌కు ఒక్క గీత పడనివ్వలేదు. బజారంతా మెచ్చుకునే అతని డ్రైవింగ్ కన్నతల్లి కంటికి ఆనలేదన్నమాట.

"నా మీద నమ్మకం లేదని సీదా చెప్పరాదు? ఖదీర్ భాయ్ ముంగట ఇజ్జత్ తీసుడెందుకు?"

"నేను గట్ల అన్ననా?"

"అనాల్నా మల్ల? భాయ్, నువ్వు పెట్టకు. బండి నాది, నేను చెప్తున్న."

"బండి ఎవరి పేరు మీదున్నదో కాగితం తీసి సదువు" అంది వరమ్మ తాపీగా.

విశ్వేశ్వర్ తండ్రి ఆ కారును భార్య పేరుతోనే కొన్నాడు. ఖదీర్ నవ్వు ఆపుకుంటూ పానా మళ్లీ అందుకున్నాడు.

"ఛోడో సేఠ్. ఏ బండికైనా బ్రేకేస్త గని, అమ్మ మొండి జిద్దుకు బ్రేకు నా దగ్గర లేదు."

వరమ్మ స్టూలు లాక్కుని షెడ్డు గుమ్మంలోనే కూర్చుంది. పని అయ్యేదాకా కదిలేది లేదన్నట్టుంది వాలకం. ఎప్పుడూ చెప్పులేసుకునే మనిషి ఆ వేళ తెల్లటి కాన్వాస్ బూట్లు వేసుకుంది. ఒళ్లో ఇంటి నుంచి తెచ్చుకున్న సోఫా దిండు. నడుం నొప్పికి కాబోలు అనుకున్నాడు విశ్వేశ్వర్. కోపంలో అడగలేదు.

సాయంత్రానికి రెండో పెడల్ కూడా బిగించి, ఖదీర్ తాళం చెవి ఇచ్చాడు. విశ్వేశ్వర్ గల్లీ చివరిదాకా వెళ్లి వచ్చాడు. కాలు ఆనిస్తే చాలు, కారు ఉన్నచోట నిలబడుతోంది. లోలోపల అతనికి ముచ్చటగానే ఉంది గానీ, మొహం మాత్రం మాడ్చుకునే ఉన్నాడు.

"రా అమ్మా, కూసో. నీ బ్రేకు నువ్వు తొక్కు, నా బ్రేకు నేను తొక్కుత. కంచన్‌బాగ్ పోయేదాంక ఇద్దరం తొక్కుకుంటనే పోదాం" అన్నాడు ఎత్తిపొడుపుగా.

వరమ్మ కారు చుట్టూ తిరిగివచ్చి అతని వైపు తలుపు తీసింది.

"దిగు బిడ్డా."

"మల్లేమైంది?"

"దిగమంటున్న గదా."

విసుక్కుంటూ దిగాడు. అతను లేచిన సీటు మీద వరమ్మ దిండు వేసి, దాని మీద కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుంది. తర్వాత చేతిసంచిలోంచి తన పేరు మీది లెర్నింగ్ లైసెన్సు కాగితం, ఎర్రటి ఎల్ బోర్డు తీసి కొడుకు చేతిలో పెట్టింది.

"దీన్ని అద్దానికి అంటించి, పోయి అటు కూసో. నీ మీద నమ్మకం ఉండబట్టే, గా ఎడమ పక్క బ్రేకు నీకు పెట్టించిన."