ముడత పడని నీళ్లు

ఎండకు ఆవిరైపోకుండా జలాశయాలన్నిటి మీదా మందుపొర పరిచాక, నీటి పైన బిగువు తగ్గి చిన్న అలలు చచ్చిపోయాయి. మొసళ్లు కదిలినా జాడ తెలియడం లేదు. కనబడటం లేదు కాబట్టి అవి లేవని అధికారులు దండోరా వేయించారు.

“పొర జోలికెల్లకే నూకాలూ! ఆళ్లు సూస్తే పుట్టి లాగేసుకుంటారు” అని హెచ్చరించి, మునిగిన చెట్టుకు చిక్కుకున్న వలను విడిపించడానికి సింహాద్రి పుట్టి పడవలోంచి నీళ్లలో మునిగాడు.

జాలర్లలో మగవాడు మునిగితే పుట్టిలో ఉన్న ఆడది రెప్ప వాల్చదు. అతను పైకొచ్చే ముందు నీటి మీద లేచే సన్నగీతలను చూసి పుట్టిని అటు తిప్పాలి. ఇప్పుడు ఎటు చూసినా అద్దమే. ఎంతకీ సింహాద్రి రాలేదు.

“పుట్టి పోతే పోనీ, గంగమ్మ తల్లీ, మా మావని సూపించు!”

పాతచీర నీటి మీద పరిచి, పొరను తనవైపు లాగేసింది. మంచమంత మేర నీళ్లు తేటపడ్డాయి. అందులో సన్నగీతలు లేచాయి. మావే! నూకాలు సంబరంగా తెడ్డు వేసింది.

వాటి వెనకే, వాటికంటే వెడల్పుగా, మరో వరస గీతలు బయల్దేరాయి.